ఉప్పు తినని తొమ్మిది రోజులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా అవ్వ ఆ మాట ఇప్పటికీ అంటుంది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆ కోపంతోనే ఒక పెద్ద పొరపాటు చేశాను.

అప్పుడు మహబూబాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. నెల్లికుదురు నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. నా బెంచీలో కూర్చునే స్నేహితురాలిది ఒక లంబాడీ తండా. ధర్నాల్లో కాలేజీ మొత్తానికీ నినాదం ఇచ్చేది ఆమే. ఒక ఆడపిల్ల ముందు నిలబడి అరిస్తే తాము వెనక నుంచి బదులు పలకడం కొందరు మగపిల్లలకు మింగుడు పడలేదు.

శ్రావణంలో ఆమె తొమ్మిది రోజులు కాలేజీకి రాలేదు. పదో రోజు ఫేస్‌బుక్‌లో ఒక ఫొటో వచ్చింది. ధర్నాలో యాభై మందిమి కూర్చున్న ఫొటోను కత్తిరించి, ఆమెనూ పక్కనున్న అబ్బాయినీ మాత్రమే మిగిల్చారు. "ఉద్యమం పేరు చెప్పి హైదరాబాద్‌లో తొమ్మిది రోజులు షికారు" అని కింద రాశారు. ఎవరు పెట్టారో తెలియదు, అది దొంగ పేరు.

నేను నెట్ సెంటర్‌లో కూర్చొని గంటసేపు ఆ ఫొటో కింద తిట్లు రాశాను. వచ్చిన తిట్లన్నీ అయిపోయాక కొత్తవి కల్పించాను. నిజం చెప్పాలంటే ఎంతో హాయిగా అనిపించింది. నెట్ సెంటర్ నడిపే భాయ్ తల పట్టుకున్నాడు.

"జర ఆగు చెల్లె! నువ్వు తిట్టినకొద్ది గది పైకే వస్తది. నువ్వే ఊరంత దండోరా ఏస్తున్నవ్."

అప్పటికే ఆలస్యమైంది. చెల్పూర్‌లో కరెంటు ప్లాంటు పనికి పోయిన ఆమె చిన్నాయన ఫోన్లో అది చూసి ఇంటికి చెప్పేశాడు.

మర్నాడు తండాకు వెళ్తే వాళ్ల బాపు గడపలోనే కూర్చొని ఉన్నాడు.

"నా బిడ్డ ఏడికీ పోలే, నాకెర్కనే. కని నలుగురి నోర్లు ఎట్ల మూస్త? సదువు సాలు," అన్నాడు.

ఆమె ఏడవలేదు. పళ్లు కొరికింది. "గా తొమ్మిది రోజులు తీజ్ పండుగ గదనే! బుట్టల గోదుమ మొలకలకు పొద్దుమాపు నీళ్లు పోసిన. ఉప్పు గూడ తినలే. షికారంట, షికారు!"

తీజ్‌కు పెళ్లికాని పిల్లలు తొమ్మిది రోజులు ఉప్పుకారం లేని తిండి తింటారని నాకు అప్పుడే తెలిసింది. రెండేళ్లు పక్కన కూర్చొని ఒక్కసారీ అడగనందుకు సిగ్గేసింది. ఆ వెంటనే ఎగిరి గంతేయాలనిపించింది. ఫొటో పెట్టినవాడికీ తీజ్ సంగతి తెలియదు. తండా మొత్తం సాక్ష్యం చెప్పగల తొమ్మిది రోజుల్నే వెతికి పట్టుకున్నాడు!

ఆదివారం నా స్నేహితురాలు పద్నాలుగు మంది తండా ఆడపిల్లల్ని వెంటబెట్టుకొని ఆటోల్లో వచ్చి నెట్ సెంటర్ ముందు దిగింది. తీజ్ ఆఖరి రోజు మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకొని దిగిన ఫొటో తెచ్చారు. అందులో మధ్యన ఉన్నది ఆమే. దాన్నీ, కత్తిరించని ధర్నా ఫొటోనూ పక్కపక్కన పెట్టాం. తిట్టు ఒక్కటీ రాయకూడదని భాయ్ నాతో ఒట్టు వేయించుకున్నాడు. పిల్లలందరికీ ఖాతాలు తెరిచిపెట్టాడు. సగం మందికి కీబోర్డు కొత్త. ఒక్క అక్షరానికి ముగ్గురు వెతికేవాళ్లు, దొరికితే చప్పట్లు.

"నా బుట్ట పక్కన్నే ఆమె బుట్ట," అని ఒకరు రాశారు. "నీళ్లకు కలిసే పోయినం," అని ఇంకొకరు. అందరికంటే చిన్నది, "దొంగతనంగ ఉప్పు తిన్నది నేను, ఆమె కాదు," అని రాసింది. మేం నవ్వీ నవ్వీ కడుపులు పట్టుకున్నాం. కాసేపటికి మా కాలేజీ వాళ్లు ఒక్కొక్కరే కింద రాయడం మొదలుపెట్టారు, అందరూ ఆమె వైపే.

అంతలో వాళ్ల బాపు బిడ్డను వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనకు చదువు రాదు. "మొత్తం సదివి ఇనిపియ్యి బిడ్డా," అన్నాడు నాతో. చదివాను. ఉప్పు దొంగ దగ్గర ఆయనా నవ్వాడు.

"నాది గూడ ఒకటి రాయిండ్రి," అని తమ భాషలో ఏదో చెప్పాడు. నాకు అర్థం కాలేదు. నా స్నేహితురాలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమన్నడే?"

"'నా బిడ్డ రేపు కాలేజికి వస్తది. మాట్లాడేటోళ్లు నా ముంగట మాట్లాడుండ్రి' అంటుండు."

చప్పున కీబోర్డు నా ముందుకు లాక్కున్నాను. ఆమె నా చేయి తోసేసింది.

"జరుగే," అంది. "గిది నేనే రాసుకుంట."