వీపు మీద అక్షరాలు

ప్రొద్దుటూరులో మా వీధి మొదట్లో ఈమధ్య చిన్నపిల్లల బడి ఒకటి పెట్టారు. పొద్దున కూరగాయలకు వెళ్తూ కిటికీలోంచి చూస్తే, పాలబుగ్గల పిల్లలు చుక్కలు కలిపే పుస్తకాల మీద తలలు వంచుకుని ఉంటారు. ఒక్కరి మొహంలోనూ నవ్వుండదు. నాకు మొదట్నుంచీ ముక్కు మీదే కోపం. లోపలికి వెళ్లి ఆ పుస్తకాలన్నీ మూసేసి, పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టాలనిపిస్తుంది. వెళ్లను. నన్నెవరు రానిస్తారు? కానీ ఆ రోజంతా జమ్మలమడుగు అవతల నేను పనిచేసిన మొదటి బడి గుర్తొస్తూనే ఉంటుంది, ఏ పనీ తోచదు.

ఆ బడికి ఒకే గది, ఒకే తలుపు, నేనొక్కదాన్నే టీచరు. రోజూ రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని. మా నాన్న తాలూకాఫీసులో గుమాస్తా. నా చేతిరాత ఊరంతా చూపించి మురిసిపోయిన మనిషి, నాకు పోస్టింగు ఏ ఊళ్లో వచ్చిందో తెలిసిన పూట అన్నం ముట్టలేదు. ఆ ఊళ్లో రెండు వీధులు, రెండు పార్టీలు. ప్రతి ఎన్నికలకూ జెండాల రంగులు మారినా పై వీధికీ కింది వీధికీ మధ్య పగ మాత్రం అలాగే ఉండేది.

పలకలున్న పిల్లలు తక్కువ. పలక లేకపోతేనేం, గదినిండా పరిచినవి నాపరాళ్లే కదా. వేలు నీళ్లలో ముంచి బండ మీద అక్షరం రాయాలి, అది ఆరిపోయేలోగా పక్కన ఇంకొకటి రాయాలి. రాసినవాళ్లు గెలిచినట్టు. ఎండాకాలంలో సగం అక్షరానికే మొదలు ఆరిపోయేది. పిల్లలు ఎండను నోటికొచ్చినట్టు తిట్టేవాళ్లు. నేను వినపడనట్టు ఊరుకునేదాన్ని.

అన్నిటికన్నా వాళ్లకు ఇష్టమైంది వీపు ఆట. ఒకరి వెనక ఒకరు బారుగా కూర్చుంటారు. అందరికన్నా వెనకున్న పిల్ల చెవిలో నేనొక అక్షరం చెబుతాను. ఆ పిల్ల తన ముందున్నవాళ్ల వీపు మీద వేలితో రాస్తుంది, వాళ్లు తమ ముందున్నవాళ్ల వీపు మీద. అలా వెళ్లి వెళ్లి మొదటి పిల్ల లేచి బోర్డు మీద రాయాలి. 'ప' అని బయలుదేరింది 'మ' అయి చేరేది. గది ఎగిరిపోయేంత నవ్వులు. అయితే వీపుకు తెలియాలంటే పెద్దగా, గుండ్రంగా, నిదానంగా రాయక తప్పదు. నేను బెత్తం పట్టుకుని చెప్పినా రాని పద్ధతి వాళ్లకు అలా వచ్చేసింది.

మొదటిసారి ఆడించినప్పుడు తెలివి తక్కువగా ఎత్తును బట్టి కూర్చోబెట్టాను. రెండు వీధుల పిల్లలూ కలిసిపోయారు. పై వీధి పాప ఒకతె, ఆరేళ్లుంటాయేమో, వరసలోంచి లేచిపోయి గోడకు వీపు ఆనించి నిలబడింది. కూర్చోమని గట్టిగా అరిచాను.

"నేను కూచోను మేడం. ఎనక ఎవుర్నీ ఉండనీయొద్దని మా నాయన చెప్పినాడు."

ఆ పాప వెనక కూర్చున్నది కింది వీధి పిల్ల. ముందు పళ్లు ఊడిన నోరు తెరుచుకుని, రాయడానికి వేలు ఎత్తి పట్టుకుని ఇంకా అలాగే చూస్తోంది. బస్సు దిగేచోట హోటల్లో మగవాళ్లంతా గోడకు ఆనుకుని, వాకిలి కనిపించేలా కూర్చోవడం నేను రోజూ చూసేదాన్ని. అదెందుకో ఆ రోజే నాకు తెలిసింది. ఆ పాప మీద నోరు పారేసుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అప్పుడు నాకొక పట్టుదల వచ్చింది. ఈ పాప ఒక్కరోజైనా వెనక్కి చూడకుండా వరసలో కూర్చోవాలి. బలవంతం చేయలేదు. గోడ పక్కన వరస చివరి చోటు తనకే ఇచ్చాను. అక్కడ కూర్చుంటే రాయడమే గానీ రాయించుకోవడం ఉండదు. నెలల తరబడి అక్కడే కూర్చుంది. ఒక రోజు నేనేమీ చెప్పకముందే లేచి వచ్చి, ఆ కింది వీధి పిల్ల ముందు కూర్చుంది. భుజాలు చెవుల దాకా ముడుచుకుంది. వెనక పిల్ల వేలు పెట్టగానే మెలికలు తిరిగిపోయింది.

"కితకితలు పెడతాంది మేడం!"

నేను బోర్డు వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

కొన్నాళ్లకు ఆ పై వీధి పాప వాళ్ల నాన్న బడికొచ్చాడు. గొర్లు అమ్మి సేద్యంలోకి దిగిన మనిషి. గొడవకే వచ్చాడనుకుని నేనూ సిద్ధమయ్యాను.

"ఏంది టీచరమ్మా, పాప ఇంట్లో నా ఈపు మీద గీకి అదేందో చెప్పమంటాది. సదువు రానోన్ని, నేనేం జెప్పేది?"

"చెప్పాలంటే నేర్చుకోవాలి మరి," అన్నాను పెడసరంగా. శానా మంచి మాట చెప్పినావులే అని నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆ తర్వాత పాప రోజూ లెక్క చెప్పేది: మా నాయనకు ఐదు అక్షరాలొచ్చినాయి, తొమ్మిది వచ్చినాయి.

"గోడకు ఆనుకోకుండా కూర్చుంటాడా?" అని అడిగాను.

"తలుపు ఏసుకోని కూచుంటాడు," అంది.

ఆ తర్వాత వచ్చిన ఎన్నికలయ్యాక ఊళ్లో హత్య జరిగింది. పోయినవాడు కింది వీధి మనిషి. బడిలో పోలీసులు దిగారు. మళ్లీ బడి తెరిచేసరికి సగం మంది పిల్లలు లేరు. ఒక మధ్యాహ్నం ఆ తండ్రి పాపను వెంటబెట్టుకుని వచ్చాడు.

"టీసీ ఇయ్యి టీచరమ్మా. పులివెందుల తట్టు పోతాండాం. వేముల కాడ మా బామ్మర్ది ఉండాడు."

టీసీ రాసి, సంతకానికి రిజిస్టరు తెరిచాను. వేలిముద్ర కోసం సిరా డబ్బా ముందుకు జరిపితే ఆయన పక్కకు నెట్టాడు.

"పెన్నియ్యమ్మా."

రిజిస్టరు నా బల్ల మీద ఉంది. దాని మీదికి వంగితే వీపు తెరిచిన తలుపు వైపు ఉంటుంది. పెన్ను పట్టుకుని ఒక క్షణం ఆగాడు. పాప ఎవరూ చెప్పకుండానే వెళ్లి, తన వీపు ఆయన కాళ్లకు ఆనించి, వాకిలికి ఎదురుగా నిలబడింది. అప్పుడాయన వంగాడు. ఒక్కో అక్షరమే పెద్దగా, గుండ్రంగా, వీపు మీద రాసినట్టే రాశాడు. చాలాసేపు పట్టింది. ఇటు చూడవే, మీ నాయన రాస్తున్నాడు అని పిలవాలని నోటిదాకా వచ్చింది. పిలవలేకపోయాను. పాప దారి మీంచి చూపు తిప్పలేదు. పేరు పూర్తికాగానే ఆయన పాప చేయి పట్టుకుని బస్సుకు వెళ్లిపోయాడు.

మళ్లీ వాళ్లను చూడలేదు. వాళ్ల నాన్నకు అక్షరాలు నేర్పింది ఆ పాప. ఆయన మొదటి సంతకం చూసింది నేనొక్కదాన్నే.