ఎదురు గీత

ముందు చప్పుడు వినిపిస్తుంది. తోలు పట్టీ మీద కత్తిని అటూ ఇటూ తిప్పే చప్పుడు. ముసునూరు సెంటర్లో బస్సు దిగినవాళ్ళకు టీ కొట్టు వాసన కంటే ముందే అందుతుంది. తొందర లేకుండా, ఎవరో ఎండను మెల్లగా మడత పెడుతున్నట్టు ఉంటుంది. తర్వాత రేకుల షెడ్డు, అందులో పెద్ద అద్దం, అద్దం ముందు శోభనాద్రి. సన్నటి మనిషి. అరవై దాటినా చెయ్యి వణకదు.

గడ్డాలకు అందరిలాగే బ్లేడు మార్చే కత్తి వాడతాడు. మెడకు మాత్రం తండ్రి నుంచి వచ్చిన పాత కత్తే. వేడినీళ్ళలో మరగబెట్టి, పట్టీ మీద పదును తేల్చి, చెవి వెనకనుంచి ఒక్క ఊపులో దింపుతాడు. శోభనాద్రి గీసిన మెడ మీద ఈగ వాలితే జారిపడుతుందని ఊళ్ళో వేళాకోళం. ఆ మాట విన్నప్పుడల్లా తలొంచుకుని లోపల్లోపల మురిసిపోయేవాడు.

మామిడి కోతల రోజుల్లో మాత్రం ఒక పద్ధతి ఉంది. తోటకు వెళ్ళేవాళ్ళ మెడను ఎదురు గీయకూడదు. వెంట్రుక వాలుకు గీస్తే చర్మానికి కాస్త కాపు మిగులుతుంది. వాలుకు ఎదురు గీస్తే మెడ పసిబిడ్డ బుగ్గలా అవుతుంది కానీ, తొడిమ విరిగినప్పుడు చిమ్మే సొన ఆ లేత చర్మం మీద పడిందంటే నిప్పు పడ్డట్టే. తండ్రి నేర్పిన పద్ధతి. ఏ వేసవిలోనూ శోభనాద్రి దాన్ని తప్పలేదు, చందు వచ్చిన ఆ సాయంత్రం దాకా.

చందు చార్లెస్ మేస్త్రీ ముఠాలో కోత కూలీ. ఆదివారం చెల్లెలి నిశ్చితార్థం. కుర్చీలో కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"జంక్షన్లో ఏసీ షాపు పెట్టారు, చూశావా బాబాయ్? మెషిన్ పెట్టి జుయ్యిమనిపిస్తే మెడ అద్దమైపోద్దంట. నీ కత్తికింక రిటైర్మెంటే!"

"అద్దమా? కదలకుండా కూర్చోరా. అద్దమంటే ఏంటో నేను చూపిస్తా."

కుర్చీ చేతుల మీద చందు వేళ్ళు కనబడుతూనే ఉన్నాయి. గోళ్ళ చుట్టూ నల్లటి సొన మరకలు. రేపు తోటకు పోతున్నావా అన్న మాట శోభనాద్రి నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే అవునంటాడు. అవునంటే చెయ్యి ఆపుకోవాలి. అతను అడగలేదు. ఎదురు గీశాడు. మళ్ళీ నురుగు రాసి ఇంకోసారి గీశాడు.

చందు మెడ తడుముకుని, "అబ్బ, వెన్నపూసలా ఉంది బాబాయ్!" అన్నాడు. శోభనాద్రి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. 

మర్నాడు తోటలో అదే ముఠాలోని నరసింహులు కొమ్మ మీద నిలబడి, కర్రకు వల కట్టిన చిక్కంతో రసం మామిడికాయలు దింపుతున్నాడు. కింద చందు వంగి ట్రేలో కాయలు సర్దుతున్నాడు. పైన ఒక తొడిమ విరిగింది. సొన వచ్చి చందు మెడ మీద పడింది. ఇంకొకరికైతే ఓ మరక మిగిలేది. చందుకు మధ్యాహ్నానికి బొబ్బలు లేచాయి, మర్నాటికి చెవి నుంచి చెవి దాకా పుండైంది. ఆదివారం నిశ్చితార్థంలో ఇంటిల్లిపాదీ ఫొటోలు దిగుతుంటే వాడు లోపలి గదిలో బోర్లా పడుకుని ఉన్నాడు.

వాడికీ నరసింహులుకీ ముందురోజే ఏదో మాటామాటా వచ్చింది. "కావాలనే నా మీద దులిపాడు" అన్నాడు చందు. చార్లెస్ నరసింహుల్ని పనిలోంచి తీసేశాడు. కోతలు ముమ్మరంగా ఉన్నా, అలాంటి పేరు పడ్డవాణ్ణి ఇంకే ముఠా చేర్చుకోలేదు.

పనిలేని నరసింహులు షాపుకు ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చునేవాడు. శోభనాద్రి ఎవరి మెడ మీద కత్తి పెట్టి తలెత్తినా, అద్దంలో ఆ మెడ వెనకాల నరసింహులు. ఎండ జరిగేది, బల్ల నీడ జరిగేది, ఆ మనిషి జరిగేవాడు కాదు.

ఒకరోజు మంచినీళ్ళకని లోపలికొచ్చాడు.

"నేనట్టాంటోణ్ణి కాదని నీకు తెలుసుగా అన్నయ్యా?"

"తెలుసు" అన్నాడు శోభనాద్రి.

నిజమే చెప్పాడు. అంతకంటే పెద్ద అబద్ధం తన జన్మలో ఆడలేదని నరసింహులు గ్లాసు బోర్లించి వెళ్ళాక తెలిసింది.

అయినా ఇంకా కొన్నాళ్ళు నోరు పెగల్లేదు. తన చేతికున్న పేరు పోతే ఇంక ఎవరు మెడ వంచుతారు? చివరికి ఒక పొద్దున షాపు తెరవకుండా తోటకు నడిచాడు. ముఠా అంతా చద్దన్నాలు తింటోంది. చందు మెడకు తడి తువ్వాలు చుట్టుకుని ట్రేల మీద కూర్చున్నాడు.

"నరసింహులు తప్పు కాదు చార్లెస్. నాది. కోతకు పోయేవాడని తెలిసే ఎదురు గీశాను. వీడి గోళ్ళు చూశాను కూడా."

వెనకనుంచి ఎవరో, "ఈగ జారుద్దన్నారు, చివరికి తోలే జారింది!" అన్నారు. ఒకరిద్దరు నవ్వారు.

చందు మాత్రం తువ్వాలు సర్దుకుని, "నువ్వు అడిగినా తోటకు పోవట్లేదని అబద్ధమాడేవాణ్ణిలే బాబాయ్. అన్నం తిన్నావా?" అన్నాడు.

నరసింహులు మర్నాడే పనిలోకి వెళ్ళాడు. వెళ్తూ షాపు ముందు ఆగాడు. "అన్ని రోజులూ ఆ అద్దంలోంచి నన్ను చూస్తానే ఉన్నావా అన్నయ్యా?" అని జవాబు కోసం చూడకుండా నడిచిపోయాడు.

జనం మెడలు వంచడం మానలేదు. కత్తి చప్పుడూ ఆగలేదు. ఇదంతా కథగా రాసుకుంటానని వెళ్ళి కుర్చీలో కూర్చున్నవాడికి మెడ మీది నురుగు తుడిచి, తువ్వాలు దులిపి, శోభనాద్రి ఆఖరున అన్న మాట ఇది:

"నరసింహులు మొహం తిప్పుకుంటాడండీ, అది నాకు సబబే. చందుగాడు కనపడితేనే రోడ్డు దాటి అవతలికి పోతానండీ. బాబాయ్ అని పిలుస్తాడేమోనని."