చైనాటౌన్ మేడమీద వాంగ్ ఆంటీ

నిన్న వాంకూవర్ పక్కనున్న బర్నబీలో కూరగాయలు కొంటుంటే పక్క వరసలోంచి ఎండబెట్టిన నారింజ తొక్కల వాసన వచ్చింది. ఆ వాసన కొందరికి హాయిగా ఉంటుందేమో. నాకు మాత్రం వాంకూవర్ చైనాటౌన్‌లో గడిపిన రెండేళ్ల ఆదుర్దా గుర్తొస్తుంది. ఆ వెంటనే వాంగ్ ఆంటీ గుర్తొస్తుంది.

మన పిల్లలు కెనడాలో విమానాల నిండా దిగుతున్న రోజులవి. కరీంనగర్ నుంచి వచ్చిన నాకు కాలేజీలో సీటు దొరికింది గాని, ఉండటానికి గది దొరకలేదు. వెతగ్గా వెతగ్గా చైనాటౌన్‌లో ఎండు నారింజ తొక్కలూ అవీ అమ్మే మూలికల దుకాణం పైన, మూడో అంతస్తులో ఒకటి దొరికింది. వంటగది అందరికీ కలిపి ఒకటే. ఎదురుగదిలో వాంగ్ ఆంటీ. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, ఒకప్పుడు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసింది. ఆమెది కాంటనీస్, నాది తెలుగు, మధ్యలో ఇద్దరికీ సగంసగం వచ్చిన ఇంగ్లీషు. మొదటివారమే నన్ను వెంటబెట్టుకుని వీధంతా తిప్పింది. ఆవిరి కక్కే బన్నుల దుకాణం, నీళ్లతొట్లలో ఈదే చేపలు, ఏదో మేడమీంచి మాజాంగ్ ఆట బిళ్లల చప్పుడు. ఆకుకూర కట్ట చేతికిచ్చి, "కాడ విరిచి చూడు. చప్పుడు రాకపోతే వద్దను" అంది. ఆ వీధిలో నన్నెవరూ వింతగా చూడలేదు. అయినా నా మనసు కుదుటపడలేదు. స్టడీ పర్మిట్ ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేసి ఉన్నాను, రాకపోతే దేశం వదిలి వెళ్లిపోవాల్సిందే. ఫోన్‌లో మెయిల్ మోగితే చాలు, చేస్తున్న పని వదిలేసి చూసేదాన్ని.

ఒక శనివారం పొద్దున అందరి తలుపుల కిందా నోటీసు. యజమాని బిల్డింగ్ బాగు చేయిస్తాడట, అందరం ఖాళీ చేయాలట. ఆంటీ ఆ కాగితం నాచేత రెండుసార్లు చదివించుకుంది. "దీని గురించి సిటీ హాల్లో మీటింగ్ ఉంది. నువ్వూ రా. నా ఇంగ్లీషు మధ్యలో ఆగిపోతుంది" అంది. వస్తానన్నాను.

వెళ్లలేదు. అక్కడ మైకులో పేరు, అడ్రసు చెప్పాలని తెలిసి భయపడ్డాను. నా పేరు ఎక్కడో రాసుకుంటారు, పర్మిట్ ఆగిపోతుంది అనుకున్నాను. అలా జరుగుతుందని నాతో ఎవరూ అనలేదు. నాకు నేనే అనుకుని, ఆ మధ్యాహ్నమంతా లైబ్రరీలో ఒక్క పేజీ కూడా చదవకుండా కూర్చున్నాను.

మర్నాడు వంటగదిలో ఆమె ఎదురుపడింది. "నా వంతు వచ్చింది. రెండు మాటలు మాట్లాడాను. తర్వాత ఇంగ్లీషు రాలేదు, కూర్చున్నాను" అంది. గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాను. "పర్మిట్ పోతుందేమోనని భయమేసింది ఆంటీ" అన్నాను. ఆమె స్టవ్ ఆపి స్టూలు మీద కూర్చుంది.

"మా తాత ఈ బిల్డింగులోనే ఉండేవాడు. అప్పట్లో చైనావాళ్ల భార్యాపిల్లల్ని ఈ దేశంలోకి రానిచ్చేవాళ్లు కాదు. అడిగితే తననీ పంపేస్తారని ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. చట్టం మారేసరికి అక్కడ మా నానమ్మ పోయింది. మేం ఇక్కడికొచ్చాక కూడా తాత గట్టిగా మాట్లాడటం నేను ఒక్కసారి కూడా వినలేదు." లేచి మళ్లీ స్టవ్ వెలిగిస్తూ, "తాతది తప్పని నేననను. నీదీ తప్పు కాదు. కానీ ఇంకో మీటింగ్ ఉంది" అంది.

కాలేజీలో విదేశీ విద్యార్థులకు సలహాలిచ్చే ఆవిడని అడిగితే, అక్కడ మాట్లాడినంత మాత్రాన పర్మిట్‌కి ఏమీ కాదంది. నమ్మాను. భయం మాత్రం పోలేదు. రెండో మీటింగులో ఆంటీని పిలిచినప్పుడు నేనూ లేచి ఆమె పక్కన నిలబడ్డాను. "నా పేరు సునీత. చైనాటౌన్‌లో ఉంటాను" అన్నాక వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాను. ఆంటీ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు ఆమె చెప్పమన్నవన్నీ చెప్పాను. మెట్లెక్కేటప్పుడు ఎవరి సంచి ఎవరు పట్టుకుంటారో, డాక్టరు దగ్గరికి ఎవరిని ఎవరు తీసుకెళ్తారో, ఖాళీ చేయిస్తే వీళ్లంతా ఎలా చెల్లాచెదురైపోతారో.

చివరికి ఎవర్నీ ఖాళీ చేయించకుండా ఒక్కో అంతస్తు చొప్పున మరమ్మతు చేయించడానికి యజమాని ఒప్పుకున్నాడు. ఇద్దరు ముసలివాళ్లు ఆ ఆందోళన తట్టుకోలేక అప్పటికే వెళ్లిపోయారు. ఆంటీ ఉండిపోయింది. నా పర్మిట్ కూడా వచ్చింది. నాకు ఉద్యోగం దొరికి బర్నబీకి మారిన మూడేళ్లకు, ఆమె తన గదిలోనే పోయింది.

నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. ఇప్పటికీ ఏ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చినా రెండ్రోజులు తెరవకుండా బల్ల మీదే ఉంచుతాను. కానీ మొన్న మా బిల్డింగులో కింద ఉండే వరంగల్ అమ్మాయి, హీటర్ పనిచేయట్లేదని చెప్పి, "కంప్లైంట్ ఇస్తే నా పర్మిట్ స్టేటస్‌కి ఏమైనా అవుతుందా అక్కా?" అని అడిగింది. ఏం కాదులే అని చెప్పి పంపేయలేకపోయాను. కోటు వేసుకుని ఆ పిల్లతోపాటు మేనేజర్ దగ్గరికి బయల్దేరాను. ఇద్దరం భయపడుతూనే వెళ్లాం.