గ్లాసు మజ్జిగకు చోటు

మొన్న మధ్యాహ్నం సింగపూర్‌లో, మేముండే జురాంగ్ ఈస్ట్‌లో ఆకాశానికి చిల్లు పడినట్టు వాన. మా వంటింటి కిటికీలోంచి చూస్తే పార్కులోని చెరువు కనిపిస్తుంది. మా అమ్మాయి నూడుల్స్ తింటూ, "డైలీ ఇంత రెయిన్ పడుతుంది, ఈ లేక్ ఓవర్‌ఫ్లో అవదేంటమ్మా? సో స్ట్రేంజ్ లా," అంది ఈ ఊరి యాసలో. మీ అత్త ఉంటే చెప్పేది అన్నాను. "ఏ అత్త, డయాలసిస్ అత్తా?" అని అడిగింది. నాకు ప్రాణం ఉసూరుమంది. అంత చదువూ, ఉద్యోగమూ, వెటకారమూ ఉన్న మనిషి చివరికి ఒక పిల్ల జ్ఞాపకంలో రోగిగా మిగిలిపోవడం ఏం న్యాయం? తప్పు పిల్లది కాదు, అప్పటికి అది మరీ చిన్నది.

వదిన, అంటే మావారి అక్క, రోగి కాకముందు సరస్సుల లెక్కలు కట్టే ఇంజనీరు. ఈ ఊళ్లోనే, ఆంగ్ మో కియోలో ఒక్కతే ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మా వాళ్లలో ఎవరికీ లేకపోయింది. ఎక్కడో ఆఫ్రికాలో, ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనపడనంత సరస్సుకి వచ్చే ఏడు నీటిమట్టం ఎంతుంటుందో ఇక్కడ ఏసీ గదిలో కూర్చుని తేల్చేది. చూడని సరస్సుకి లెక్కలేంటి వదినా అంటే, "చూడని పెళ్లికొడుక్కి మీరు జాతకాలు చూడట్లేదా?" అనేది. ఆవిడ చెప్పగా చెప్పగా నా బుర్రకెక్కింది ఇంతే. అంత పెద్ద సరస్సుకి నదులకంటే తన మీద పడే వానే పెద్ద రాబడి. పడినదాన్ని దాదాపుగా ఎండే తాగేస్తుంది. నదులు తెచ్చి పోసేది కాస్త, బయటికి పారే నది పట్టుకుపోయేది కాస్త. ఆ కాస్తల్లో తేడా వస్తేనే మట్టం పెరగడమైనా, తగ్గడమైనా. మా చెరువు సంగతి అడిగితే, దానికి నీళ్లు వదిలిపెట్టే మనుషులున్నారు, నువ్వు దిగులు పడకు అనేది.

తర్వాత ఆవిడ కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ చేసే చోటు మా బ్లాకుకి దగ్గరని మా ఇంటికి వచ్చేసింది. రోజుకింత అని నీళ్లు కొలిచి తాగాలి. "నా కాలవ పూడిపోయిందమ్మాయ్. రోజు విడిచి రోజు గండి కొట్టించుకోవాలి," అని తనే నవ్వేది. అప్పటికి మా అత్తగారు కూడా మాతోనే ఉండేవారు. గడపలోకి ఎవరొచ్చినా ముందు మంచినీళ్లివ్వడం తప్ప వేరే మర్యాద తెలియని మనిషి. కన్నకూతురికి నీళ్లు కొలిచి పోయడమంటే ఆవిడకి చేతులాడలేదు. "నీళ్లొద్దన్నాడు గానీ మజ్జిగొద్దన్నాడా డాక్టరు?" అంటూ రోజూ సాయంత్రం అల్లం, కరివేపాకు వేసిన పల్చటి మజ్జిగ పెద్ద గ్లాసుడు పట్టుకెళ్లేవారు. మజ్జిగ నీళ్లెలా అవుతుందని మా వాళ్ల సిద్ధాంతం. చారూ నీళ్లు కాదు, పుచ్చకాయ అసలే కాదు. మావారు తల్లి మీద అరవబోతే వదిన కళ్లతోనే ఆపేసింది. గ్లాసు అందుకుని ఆఖరి చుక్కదాకా తాగేది. అప్పుడు అత్తగారి మొహం చూడాలి.

పగలంతా వదిన గదిలో ఏసీ ఉండేది కాదు, ఫ్యానూ తిరిగేది కాదు. ఈ ఊళ్లో డబ్బుండీ ఉడికిపోయే మనిషిని నేను ఆవిడనే చూశాను. ఓపికున్నన్నాళ్లు మిట్టమధ్యాహ్నం చెరువు చుట్టూ నడిచొచ్చేది. పెదవులు ఎండి పగిలిపోయి ఉండేవి. ఒకరోజు మాత్రకని నీళ్లిస్తే ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. తాగమన్న నీళ్లు కూడా తాగరేంటి వదినా అన్నాను.

"సాయంత్రం అమ్మ గ్లాసుడు తెస్తుందిగా, దానికి చోటుండాలి. కాస్త చెమటగా పోయినా పోయినట్టే."

"వద్దని చెప్పేస్తే పోలా?"

"నాకివ్వడానికి ఆవిడ దగ్గర ఇంకేముంది చెప్పు? నువ్వు మాత్రం నోరు జారకు."

వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

మరుసటి ఏడు వానల్లో వదిన పోయింది. గుండె ఇక తట్టుకోలేకపోయిందన్నారు. కర్మలన్నీ అయ్యాక ఒక సాయంత్రం అత్తగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. "నీళ్లకి మొహం వాచిపోయింది నా తల్లి. పోనీలే, మజ్జిగైనా కడుపారా తాగింది. నాకదొక్కటే తృప్తి," అన్నారు. అవునత్తయ్యా అన్నాను. ఆ తర్వాత ఆవిడ ఆ మాట ఎన్నిసార్లు అన్నారో, అన్నిసార్లూ అవుననే అన్నాను. ఆ తృప్తితోనే అత్తగారూ వెళ్లిపోయారు. కాలమే అన్నీ మరిపిస్తుందంటారు. నాకు మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ, వదినకి ఆ మధ్యాహ్నాలు ఎంత పొడుగ్గా గడిచి ఉంటాయో తెలిసొస్తోంది.