వాన నీళ్ళు తాగిన ఇల్లు

మొన్న వేసవిలో ఒక ఇంజనీరింగు కాలేజీ నుంచి నలుగురు విద్యార్థినులూ వాళ్ళ మేడమూ మా ఇల్లు చూడ్డానికి వచ్చారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరితోటల నడుమ, కరెంటూ నీళ్ళూ ఇంత తక్కువగా వాడుకునే ఇల్లు ఒకటుందని ఎవరో చెప్పారట. స్లాబు వాలు కొలిచారు, వాన నీళ్ళు దిగే గొట్టాలకి ఫొటోలు తీశారు, వరండా గచ్చు మీద అరచెయ్యి ఆనించి మే నెలలో కూడా ఇంత చల్లగా ఉందేమిటని ఆశ్చర్యపోయారు. వెళ్ళేముందు ఆ మేడమ్, ఇలాంటి ఇల్లు కట్టుకోవాలన్న ఆలోచన ఎందుకొచ్చిందని అడిగింది. భయం వల్ల అన్నాను. ఆవిడ నవ్వేసి పుస్తకంలో ఏదో రాసుకుంది గానీ, భయం అని మాత్రం రాసుకుని ఉండదు. నా ఈడు వాళ్ళయితే, అందులోనూ మా సోంపేట, కవిటి వైపు వాళ్ళయితే, మరో మాట అడక్కుండా తల ఊపి ఊరుకునేవారు.

మా ఆయన తాపీమేస్త్రీ, నేను ఊళ్ళో ఎలిమెంటరీ బడి పంతులమ్మని. పక్క వాటాలో మా బావగారూ తోడికోడలూ ఉండేవారు. జీడితోటలో రోజంతా ఎండలో నిలబడి పనిచేసినా అలిసిపోయానని అనని మనిషి మా బావగారు. అలాంటిది ఒక ఏడాది కాళ్ళు వాచి, తిన్నది ఇమడక, విశాఖపట్నం తీసుకెళ్ళేసరికే రెండు కిడ్నీలూ పోయాయన్నారు. ఆయన కంటే ముందు మా వీధిలో అదే జబ్బుతో ముగ్గురు పోయారు. నీళ్ళ వల్లే అని కొందరూ, కాదని కొందరూ అనేవారు. పెద్దపెద్ద డాక్టర్లు వచ్చి రక్తాలూ నీళ్ళూ సీసాల్లో పట్టుకుపోయారు గానీ ఇదీ కారణమని ఎవరూ తేల్చి చెప్పలేదు. ఇరుగుపొరుగు వాళ్ళు ఎదురుపడితే అన్నం తిన్నావా అని అడగడం మానేసి, రక్తపరీక్షలో క్రియాటిన్ ఎంతొచ్చిందని అడిగే రోజులవి.

బావగార్ని మా చర్చి సమాధుల తోటలో పెట్టి వచ్చిన సాయంత్రం మా ఆయన బోరు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, ఆ నీళ్ళని దోసిట్లో పట్టుకుని చాలాసేపు చూశారు. ఈ నీళ్ళు ఇక మనింట్లో ఎవరి గొంతులోకీ దిగకూడదన్నారు. ఆ మరుసటి ఏడాదే పాత ఇంట్లో మా వాటాని పడగొట్టి కొత్తది మొదలెట్టారు. ఊరందరికీ ఎవరు చెప్పినట్టు వాళ్ళకి ఇళ్ళు కట్టిన మనిషి, సొంతిల్లు మాత్రం తనకి తోచినట్టు కట్టుకున్నారు. ఇంటి కింద గది అంత సంపు తవ్వి, స్లాబు మీద పడిన ప్రతి చుక్కా బొగ్గూ ఇసకా గులకరాళ్ళ గుండా అందులోకి దిగేలా చేశారు. దాని మీద మోటారు పెట్టకుండా చేతి బోరింగు బిగించారు. సముద్రపు గాలి వచ్చే వైపు కిటికీలూ, ఎదుటి గోడకి పైన గాలి కంతలూ పెట్టి, స్లాబుకి ఏటేటా సున్నం కొట్టించేవారు. మిద్దె మీద చిన్న సోలారు పలక పెట్టారు, దాంతో రెండు దీపాలు వెలిగేవి. స్నానం నీళ్ళు అరటిచెట్లకీ, బియ్యం కడిగిన నీళ్ళు పనసమొక్కకీ వెళ్ళాల్సిందే.

ఆ ఇంట్లో బతకడం ఫొటోలో కనిపించినంత అందంగా ఏమీ ఉండేది కాదు. మనిషికి ఒక బకెట్టే స్నానం. చెంబు కాస్త ఒలికితే ఆయన మొహం ముడుచుకునేది. ఒకరోజు నేను బడి నుంచి వచ్చి నాలుగు చెంబులు ఎక్కువ పోసుకున్నందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. మా తోడికోడలు అయితే ఆ నీళ్ళు ముట్టనే ముట్టలేదు. కాకులు తిరిగే మిద్దె మీది నీళ్ళు తాగడం ఏమిటని వీధిలో అందరితో చెప్పేది. మొగుణ్ణి పోగొట్టుకున్నాక కూడా ఆ బోరు నీళ్ళే పట్టుకెళ్తుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి చూసేవారు.

రెండు వానాకాలాలు గడిచి మూడోది రాకముందే ఆయన కాళ్ళకీ వాపొచ్చింది. వాన నీళ్ళు తాగడం మొదలెట్టేనాటికే లోపల జబ్బు ముదిరి ఉంటుందని డాక్టరు చెప్పాడు. మందులతో కొన్నేళ్ళు నెట్టుకొచ్చాం, ఆ తర్వాత డయాలసిస్ తప్పలేదు. సోమవారం, గురువారం బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళడం, సాయంత్రానికి పిండేసిన గుడ్డలా తిరిగి రావడం. అన్నిటికంటే కష్టం నీళ్ళ దగ్గరే వచ్చింది. తాగిన నీరు ఒంట్లోంచి బయటికి పోదు గనక రోజు మొత్తానికి అర లీటరు మించకూడదన్నారు. ఏడాది పొడుగునా ఊరి ఎండని తట్టుకునేన్ని నీళ్ళు ఇంటికింద దాచిన మనిషికి, నేను స్టీలు గ్లాసుతో కొలిచి పోసేదాన్ని. వేసవి మధ్యాహ్నాలు తడిగుడ్డ పెదాల మీద వేసుకుని పడుకునేవారు. ఇంకొక్క గుక్క అని అడిగినప్పుడల్లా లేదన్నాను. అంతకు ముందు ఆయన నా మీద చేసిన పెత్తనం ఇప్పుడు నా చేతికొచ్చిందన్న ఆలోచన ఒకటి రెండుసార్లు నాకు రాకపోలేదు. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

రెండువేల పద్దెనిమిది అక్టోబరు తుఫాను గురించి మా వాళ్ళకి చెప్పక్కర్లేదు. గురువారం తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరిచెట్టు నిలబడి ఉన్న తోట కనబడలేదు. రోడ్లన్నీ మానుల కింద ఉన్నాయి, స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. మా ఇల్లు మాత్రం చెక్కుచెదరలేదు. ఊళ్ళో మోటార్లన్నీ కరెంటు లేక ఆగిపోతే, నీళ్ళు వచ్చే చోటు మా బోరింగు ఒక్కటే అయింది. ఆ గురువారం ఆయన డయాలసిస్‌కి వెళ్ళాల్సిన రోజు.

మొదట బిందె పట్టుకొచ్చింది మా తోడికోడలే. గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేక నిలబడిపోయింది. ఆయన వరండాలో మంచం మీద నుంచే పిలిచారు.

“రా వదినా. ఇప్పుడైనా తాగుతావేటి?”

“తాగుతాను బాబూ. మీ అన్న ఉన్నప్పుడే తాగవలసినాది,” అంది ఆవిడ తల దించుకుని.

తర్వాత వీధి వీధంతా వచ్చింది. మనిషికి ఒక బిందే అని నేను అడ్డం పడబోతే ఆయన కసురుకున్నారు. అందరికీ పొయ్యమన్నారు, దాచింది ఎందుకనుకున్నావన్నారు. అలా మూడు రోజులు ఊరంతా ఆయన కళ్ళ ముందే నీళ్ళు పట్టుకుని వెళ్ళింది, ఆయన మాత్రం నేను కొలిచిచ్చిన గ్లాసుతో చూస్తూ కూర్చున్నారు. శనివారానికి మొహం ఉబ్బిపోయింది. ఆదివారం పొద్దున పడుకుంటే ఊపిరాడటం లేదు. చర్చి పైకప్పు ఎగిరిపోయి ఆ రోజు ఆరాధన లేదు. ఊళ్ళో మగాళ్ళంతా గొడ్డళ్ళు పట్టుకుని, హైవే దాకా పడిపోయిన చెట్లు నరుక్కుంటూ వెళ్ళి, మంచం పట్టేంత దారి చేసి తిరిగొచ్చారు.

మంచం ఎత్తబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

“ఒక గ్లాసు నిండా ఇయ్యే. కొలవకు.”

ఇచ్చాను. రెండు చేతులా పట్టుకుని, ఆపకుండా, చివరి చుక్క దాకా తాగి, “బాగున్నాయే నీళ్ళు,” అన్నారు. తనే దాచిన ఆ నీళ్ళు ఆయన కడుపునిండా తాగి రెండేళ్ళయింది. హైవే మీద లారీ దొరికింది గానీ, శ్రీకాకుళం చేరకముందే, టెక్కలి దగ్గర నా ఒళ్ళోనే ప్రాణం పోయింది. ఒక్క గ్లాసుతో ఏమీ అయిపోదని, మూడు రోజుల ఆలస్యమే ఆయన్ని తీసుకుపోయిందని తర్వాత ఒక డాక్టరు చెప్పాడు. నేను నమ్మాను. నమ్మని రోజులూ ఉన్నాయి.

ఇప్పుడు మా వైపు చాలా మారింది. నది నీళ్ళు గొట్టాల్లో ఇంటింటికీ వస్తున్నాయి, డయాలసిస్ చేసే చోటు దగ్గరలోకి వచ్చింది, కొత్తగా కట్టే ఇళ్ళకి ఏసీలూ పెద్దపెద్ద ట్యాంకులూ ఉంటున్నాయి. బిందె పట్టుకుని ఒకరి గుమ్మంలోకి ఒకరు వెళ్ళే పని లేకపోవడంతో పక్కింట్లో ఎవరికి బాగాలేదో కూడా నెలకో రెండు నెలలకో తెలుస్తోంది. జబ్బు మాత్రం మారలేదు. ఆ ఆదివారం ఆయన మంచం మోసిన నలుగురిలో ఇద్దరు ఇప్పుడు డయాలసిస్‌కి తిరుగుతున్నారు. వాళ్ళ పెళ్ళాలు అప్పుడప్పుడు వచ్చి, దాహం అని ఏడిస్తే ఏం చేసేదానివి పంతులమ్మా అని అడుగుతారు. తడిగుడ్డ సంగతి చెబుతాను, ఐసుముక్క చప్పరించమని చెబుతాను. ఒక గ్లాసు నిండా ఇవ్వొచ్చా అని అడిగితే ఏం చెప్పాలో, ఇన్నేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, నాకు ఇప్పటికీ తెలియదు.