నర్సమ్మ చేతికి పడని టీకా

మా ఎదురింటి నర్సమ్మ మశూచితో చనిపోయి పది రోజులైంది. ఊరందరికీ టీకాలు వేసిన మనిషిని ఆ రోగమే తీసుకుపోయింది. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తబరచవద్దని దానిచేత ఒట్టు వేయించుకున్నాను.

మూడేళ్ళ కిందట టీకాల వాళ్ళు వచ్చారని తెలిసి వడ్ల గాదె వెనక దాక్కున్నాను. నర్సమ్మ కొంగు బిగించి అక్కడికే వచ్చింది.

"బయటికి రా పెద్దమ్మా. కోడలి మీద అరిసేటప్పుడు లేని బయ్యం ఇప్పుడు యాడనుంచి వచ్చినాది?"

"నాకొద్దు పో. చెయ్యి వాస్తాది."

"వాయనీలే. మూడు దినాలు నీ కోడలే అన్నం కలిపి పెడతాది."

నవ్వుతూ చెయ్యి చాపాను. వారం తర్వాత ఆమె మళ్ళీ వచ్చి పొక్కు చూసి, "బాగా పట్టినాది" అంది. నిలబడే గ్లాసెడు మజ్జిగ తాగింది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ఆ గ్లాసే అడిగేది. ఏ ఇంట్లోనూ కూర్చునే తీరిక ఆమెకు లేదు.

ఆమె పనిచేసే ఆసుపత్రిలో మాత్రం ఒక పాడు అలవాటు ఉండేది. చేతులు వాస్తే పని ఆగిపోతుందని, టీకా వేయకుండానే పనివాళ్ళందరి పేర్ల ఎదుట కాంపౌండరు 'వేశాం' అని రాసేసేవాడు. ఆమె కూడా ఊరుకుంది. ఆ తప్పు ఆమెదీ. పోయిందని దాచను. ఆమధ్య మశూచి రోగి ఒకడు వస్తే, దగ్గరుండి చూసుకున్నది ఆమే.

ఆమె పోయిన రోజు కాంపౌండరు మా వాకిట్లో నిట్టూర్చాడు.

"అంతా అమ్మోరి దయ పెద్దమ్మా."

"అమ్మోరి మీదికి నెట్టబాక. రాసింది నువ్వు!"

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. "ముందు మీరు ఏపిచ్చుకోండి నాయనా. అందాకా లేసేది లేదు" అన్నాను. పెద్ద డాక్టరు తన చొక్కా చెయ్యే ముందు మడిచాడు. తర్వాత కాంపౌండరు వంతు. సూది దిగుతుంటే కళ్ళార్పకుండా చూశాను.

ఆసుపత్రుల్లో పనిచేసే బిడ్డలారా, మా చేతులు పట్టుకునే ముందు మీ చెయ్యి చాపండి. లేదంటే నాలాంటి ముసలిది మీ గుమ్మంలోనూ కూర్చుంటుంది.

నిన్న కాంపౌండరు వాచిన చెయ్యి పట్టుకుని మా వాకిట్లో ఆగాడు.

"సలుపుతా ఉండాదా?"

"ఉండాది పెద్దమ్మా."

"మంచిది."

దాహమంటే మజ్జిగ ఇచ్చాను. నర్సమ్మ గ్లాసులో మాత్రం పోయలేదు. అది గూట్లో బోర్లించే ఉంది.