కోడూరులో కదలని పది సెకన్లు

బందరు కెప్టెన్ రవి విసిరిన బంతి రింగు మీద ఒక చుట్టు తిరిగి లోపలికి జారింది. అది లెక్కకు వస్తే బందరు ఒక్క పాయింటుతో గెలిచినట్టు. రిఫరీ నా వైపు తిరిగాడు.

"టైములోపే పడిందా అండీ?"

చేతిలోని స్టాప్‌వాచ్ చూసుకున్నాను. చివరిసారి ఆట మొదలైనప్పుడు మిగిలినవి పది సెకన్లు. వాచీలో ఆ పదీ అలాగే ఉన్నాయి. ఆట చూస్తూ బటన్ నొక్కడం మరిచాను.

జీతాలిచ్చి ఆడించే బాస్కెట్‌బాల్ జట్ల మధ్య నిజమైన వైరం ఉంటుందా అన్నదాని మీద ఓ వారపత్రిక నన్ను వ్యాసం రాయమంది. ఉండదని ఇంట్లోనే సగం రాసేశాను. మిగతా సగం కోసం, కోడూరులో జరిగే బందరు-గుడివాడ ఫైనల్ చూద్దామని ఆ ఉదయం ఏడింటికి బందరులో అవనిగడ్డ బస్సెక్కాను.

పక్క సీట్లో రవి, ఒళ్ళో లడ్డూల డబ్బా. ఓడిన జట్టు గెలిచినవాళ్ళకి చేత్తో లడ్డూ తినిపించడం ఈ రెండు జట్ల ఆనవాయితీ. కిందటేడు ఓడినవాళ్ళే డబ్బా తేవాలి.

"ఏటా తేవడం, ఏటా తినిపించడం నా వంతేనండీ. మోకాలు పోయింది, ఇదే ఆఖరాట. ఒక్కసారి ఆ సురేష్ చేత్తో తినాలి," అన్నాడు. సురేష్ గుడివాడ కెప్టెన్.

అవనిగడ్డలో ఇడ్లీ తిని బస్సు మారాం. వెళ్ళేవాళ్ళు అక్కడే టిఫిన్ కానిస్తే మంచిది. కోడూరులో టైము చూసే మనిషి రాలేదు. "పేపరాయన ఉన్నారుగా, కళ్ళు చురుకు," అని రవే నన్ను కూర్చోబెట్టాడు. పొంగిపోయాను.

ఆ పది సెకన్లు మళ్ళీ ఆడిద్దామనేసరికి వాన దిగి కోర్టు చెరువైంది. ఫలితం వాయిదా వేశారు.

తిరుగు ప్రయాణంలో అవనిగడ్డ దాకా రెండు జట్లకూ ఒకటే బస్సు. నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

"పడింది బావా, ఒప్పుకో," అన్నాడు రవి.

"పడింది. ఎప్పుడు పడిందో ఆ వాచీ మావయ్యగారినే అడుగు," అన్నాడు సురేష్.

బస్సంతా నవ్వింది. నేను కిటికీలోంచి వరిచేలను చాలా శ్రద్ధగా చూశాను.

అవనిగడ్డలో గుడివాడ బస్సు వైపు నడుస్తూ సురేష్ వెనక్కి తిరిగాడు. "మోకాలు చూపించుకో బావా. నువ్వు లేకుండా గెలిస్తే మా ఊళ్ళో నన్నెవరూ లెక్కచెయ్యరు."

రవి మోకాలు ఒకసారి తడుముకుని నాతోపాటు బందరు బస్సెక్కాడు. నా సగం వ్యాసం సంచిలో తడిసిపోయింది. ఆరబెట్టాలనిపించలేదు.

బందరు చేరేసరికి ఆకలి దంచుతోంది. "ఒక లడ్డూ పెట్టవయ్యా," అన్నాను.

"ఎవరు ఓడారో తేలనీండి," అన్నాడు రవి. డబ్బా మూత తీయకుండానే దిగిపోయాడు.